మా మేనత్త ఒకటో నంబరు ఆల్బమ్

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున తన పిండి గిర్ని షట్టరు సగం ఎత్తి, ఛాతీ పట్టుకుని మెట్టు మీద కూర్చుందట. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చేలోపే అయిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్‌లో ఆఫీసుకు తయారవుతున్నాను. బోధన్ చేరేసరికి గిర్ని ముందు వాడకట్టంతా నిలబడి ఉంది. పిండి పట్టించడానికి డబ్బాలతో వచ్చినవాళ్లు వాటిని కింద పెట్టి అలాగే ఉండిపోయారు.

మీలో ఎవరికీ ఆమె తెలిసే అవకాశం లేదు, అందుకే రాస్తున్నాను. ముప్ఫై ఏళ్లు పిండి గిర్ని నడిపిన మనిషి. ఏడో తరగతి చదువు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమెకు హార్డ్ రాక్ అంటే ప్రాణం. ప్రాణమంటే ఏదో వినేది అనుకునేరు. ముప్ఫై ఒక్క ఆల్బమ్‌లకు నంబర్లు వేసి, గిర్ని లోపలి నల్ల తలుపు మీద సుద్దముక్కతో వరసగా రాసి పెట్టుకునేది. బోధన్‌లో ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చి పట్టుకుందని చిన్నప్పటి నుంచి నేను ఆరా తీస్తూనే ఉన్నాను.

ఆమె చెప్పిన కథ ఇది. మామయ్య పోయాక గిర్ని ఆమె చేతికి వచ్చింది. పొద్దంతా ఆ రొదలో ఒక్కతే ఉండలేక టేప్‌రికార్డర్ కొనుక్కుంది. సినిమా పాట పెడితే గొంతు వినబడదు. భజన పెడితే తాళాలు తప్ప ఇంకేమీ వినబడవు. ఒకరోజు బస్టాండు దగ్గరి క్యాసెట్ల షాపుకు పోయి నిలదీసింది. "గిర్ని నడుస్తుంటె గూడ ఇనొచ్చే పాట ఉంటె ఇయ్యి. లేకుంటె లేదని చెప్పు, ఊకె తిప్పకు." షాపాయన ఎవరూ కొనక మూలకు పడిపోయిన విదేశీ క్యాసెట్ ఒకటి దులిపి చేతిలో పెట్టాడు. అట్ట మీద జులపాలతో నలుగురు మగవాళ్లు. "గీళ్లకు దువ్వెన దొరకలేదా" అని అడిగి మరీ తెచ్చుకుందట. మిషన్ నడుస్తుండగానే పెట్టింది. గిర్ని రాళ్ల మోతను దాటుకుని గిటారు వచ్చింది.

"గప్పుడు ఎర్కైంది బిడ్డా, మన గిర్నికన్న గట్టిగ ఒర్రేటోళ్లు ఉన్నరని" అనేది.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. షాపాయన హైదరాబాద్ పోయినప్పుడల్లా అత్త కోసం ఒకటి తెచ్చేవాడు. పేర్లు చదవలేదు కాబట్టి అట్ట మీది బొమ్మతోనే పిలిచేది. లాంతరుది, తడిసిన కోటుది, ఎర్ర రైలుది. పొలంలో ఒక ఇనుప కుర్చీ ఒంటరిగా ఉన్న అట్ట ఒకటి ఉండేది, అది కుర్చీది. కుర్చీది నంబరు వేసిన నాటి నుంచీ ఒకటో నంబరే.

నంబర్లు వేయడంలో ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. మొదటి పాట విని మార్కు వేయకూడదు. "మొదటిది అందరు మంచిగనే వాయిస్తరు, నాలుగోది సూడాలె." వారం రోజులు వినకుండా కొత్త దానికి నంబరు ఇవ్వకూడదు. లిస్టు మార్చడం అమావాస్య నాడే. ఆ రోజు గిర్నికి సెలవు, రాళ్లు విప్పి శుభ్రం చేసుకునేది, తర్వాత చేతులు కడుక్కుని సుద్దముక్క పట్టేది. ఆ రోజు పాట మాత్రం పెట్టేది కాదు. మిషన్‌కు సెలవంటే పాటకూ సెలవేనట. ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. కరెంటు పోతే మిషనూ పాటా ఒక్కసారే ఆగిపోయేవి. ఇవన్నీ నేను అప్పట్లో పట్టించుకోలేదు.

వాడకట్టు ఆడవాళ్లకు ఆ తలుపు క్రికెట్ స్కోరు లాగా ఉండేది. "ఏందక్కా, ఎర్ర రైలుది దిగజారింది?" అని అడిగితే అత్త జవాబు చెప్పకుండా గింజలు పోసేది కాదు. కోస్తా నుంచి వలస వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు నుంచి వచ్చే ఒకావిడ మొదట్లో "ఏంటండీ ఈ గోల, చెవులు చిల్లులు పడుతున్నాయ్" అని చెంగు అడ్డం పెట్టుకునేది. రెండేళ్లు తిరిగేసరికి ఆవిడే "లాంతరుది పెట్టండీ, అయిదు కిలోలు ఇట్టే అయిపోతాయ్" అనడం నా చెవులతో విన్నాను.

నేనూ కొట్లాడేదాన్ని. లాంతరుదానికి రెండో నంబరేమిటి, పాటలన్నీ ఒకేలా ఉన్నాయి కదా అంటే, "మూడో పాటల సోయి తప్పిండ్రు, నాకు తెల్వదా? గని తర్వాత లేసిండ్రు. పడి లేసినందుకే రెండు" అనేది. కుర్చీదాని జోలికి మాత్రం పోనిచ్చేది కాదు. అందులో రెండో పాటలో దరువుకూ దరువుకూ నడుమ టక్ అని ఒక చిన్న దెబ్బ ఉంటుందని, అలాంటిది లోకంలో ఇంకెవరూ వాయించలేదని చెప్పేది. చెబుతూ బల్ల మీద వేలి కణుపుతో కొట్టి చూపేది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. డిగ్రీ రెండో ఏడు నిజామాబాద్ బస్సులో కూర్చుని, కొత్తగా కొన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్‌లో కుర్చీదాంట్లోని ఆ రెండో పాట వెతికి విన్నాను. టక్ లేదు. మళ్లీ విన్నాను. ఎడపల్లి దాటేలోపు మూడుసార్లు విన్నాను. గిటారు ఉంది, డ్రమ్ములు ఉన్నాయి, గొంతు ఉంది, ఆ దెబ్బ లేదు. ఆ సాయంత్రమే గిర్నికి పోయి, పాట పెట్టకముందే చెవి పెట్టి విన్నాను. మోటారు నుంచి రాళ్ల దాకా పోయే పొడుగాటి బెల్టుకు ఒక చోట అతుకు ఉంది. ఇనుప పిన్నులతో కుట్టిన అతుకు. అది చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టక్ మంటోంది.

అత్త తన జీవితంలో ఆ పాటను గిర్ని లేకుండా ఒక్కసారి కూడా వినలేదన్నమాట.

చెప్పాలా? పెద్దావిడ, మొగుడు పోయాక గిర్నిని నెట్టుకొచ్చిన మనిషి, మురిపెంగా చూసుకునే ఒకటో నంబరు. అందులో నీకు నచ్చింది పాట కాదు, మన బెల్టు అని ఎలా చెబుతాను? ఊరుకున్నాను. ఊరుకోవడం తేలికే, చిక్కంతా ఆమె కోరికతో వచ్చింది. "నిజంగ మనుషులు ఎదురుంగ నిలబడి వాయిస్తుంటె ఒక్కసారి సూడాలెనే. నువ్వు తోల్కపో" అని ప్రతి పండక్కీ అడిగేది. ఎదురుగా విన్నదంటే తెలిసిపోతుంది. అందుకని టికెట్లు దొరకలేదని, సెలవు లేదని, వానలని సాకులు చెప్పాను. తొమ్మిదేళ్లు దాటవేశాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోయిన చలికాలం ఇక తప్పలేదు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ మైదానంలో, పాత విదేశీ బ్యాండ్ల పాటలు వాయించే కుర్రాళ్ల కచేరీ ఉందని ఆమె మనవడు ఫోన్‌లో చూపించాడట. గిర్నికి తాళం వేసి, కొత్త చీర కట్టుకుని, జొన్నరొట్టెలు మూట కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మధ్యాహ్నం మూడింటికి మొదలు. ఒంటిగంటకే పోయి స్టేజీ ముందరి కంచె పట్టుకుని నిలబడింది. చుట్టూ అందరూ నల్ల టీషర్టుల పిల్లలు. "అమ్మమ్మా, ఇక్కడ చాలా సౌండ్ ఉంటుంది" అని ఒకమ్మాయి చెబితే, "నాకా చెప్తున్నవ్" అని నవ్వింది.

మొదటి దెబ్బ పడగానే ఆమె ముఖం చూడాలి మీరు. చిన్నపిల్ల జాతరలో రంగులరాట్నం చూసినట్టే. డ్రమ్ములవాడి రెండు కాళ్లూ చూపించి "కాళ్లతోని గూడ కొడ్తున్నడే" అని నా భుజం ఊపేసింది. గిటారు అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుంటే తానూ వంగి చూసింది. ఎర్ర రైలుదాంట్లో పాట వచ్చినప్పుడు అక్కడికక్కడే "దీనికి రెండు నంబర్లు పెంచుత" అని ప్రకటించింది. నేను స్టేజీ చూడలేదు. ఆమెనే చూస్తున్నాను. అయిదో పాటగా కుర్చీదాంట్లోని ఆ రెండో పాట వచ్చింది.

ఆమె కణుపుతో కంచె మీద కొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి ఆగింది. చెవి అటు తిప్పింది. పాట అయిపోయేదాకా కదల్లేదు.

కచేరీ అయ్యాక నేను వద్దంటున్నా స్టేజీ వెనక్కి పోయి డ్రమ్ముల అబ్బాయిని పట్టుకుంది. "కొడుకా, మంచిగ కొట్టినవ్. గని అయిదోది కొట్టినవ్ సూడు, గా కుర్చీ పాటల నడుమ టక్ అని ఒకటుండాలె. గదెందుకు ఇడిసిపెట్టినవ్?"

"ఏ టక్ ఆంటీ?"

ఆమె అతని డ్రమ్ము అంచు మీద కొట్టి చూపించింది. అతను తల గోక్కున్నాడు. "ఇది ఆ పాటలో లేదు ఆంటీ."

"ముప్ఫయేండ్ల సంది ఇంటున్న. నాకు చెప్తవా?"

మంచి పిల్లవాడు. వాదించలేదు. తన పెద్ద హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టి, ఫోన్‌లో అసలు పాట పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నది. ఇన్నేళ్లు దాచినదాన్ని, ఆ నాలుగు నిమిషాలు నేను ఆమె ముఖం చూడకుండా డ్రమ్ముల వైపు తిరిగి ఉన్నాను. హెడ్‌ఫోన్స్ తీసి అతని చేతిలో పెట్టి "సల్లగుండు కొడుకా" అంది. బయటికి వచ్చాక నా వైపు తిరిగింది.

"నీకు ఎర్కనా?"

"ఎర్కనే అత్తా."

"ఎప్పటి సంది?"

చెప్పాను. ఆ రాత్రి చుట్టాలింట్లో నా పక్క నుంచి చాప తీసి వేరే గదిలో పరుచుకుంది. మర్నాడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కామారెడ్డి దాటాక నోరు విప్పింది. "గది మన బెల్టు అతుకే కదా?" అవునన్నాను. "అంటె నా మిషన్‌కు నేనే ఒకటో నంబర్ ఇచ్చుకున్న. దొంగ మార్కులాయె." కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "టక్ లేకపోతె పాయె. తొమ్మిదేండ్లు నన్ను తప్పు లిస్టు రాయనిచ్చినవ్ సూడు, గది మంచిగ చెయ్యలే" అంది. ఆమె నన్ను తిట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. నాకు ఇప్పటికీ తగులుతోంది.

బాధపడి పాటలు మానేస్తుందనుకున్నాను. నా అంచనా ఎప్పుడు నిజమైంది కనుక? బోధన్‌లో బస్సు దిగుతూనే "గా చెవులకు పెట్టుకునేది నాకొకటి కొనియ్యి. ఇంక ఎన్నిట్ల ఏమేం కలిసినయో సూడాలె" అంది. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ గిర్ని నేల మీద గోనెసంచి పరుచుకుని, ఒక్కో ఆల్బమ్ మొదటి నుంచి వినడం. నాకు ఫోన్లు. "ఇంకోటి దొరికిందే. లాంతరుదాంట్ల ఈల అనుకున్నది పక్క వెల్డింగ్ షాపోనిది." తడిసిన కోటుదాంట్లో మాత్రం ఇన్నాళ్లూ వినబడని ఒక ఆడ గొంతు సన్నగా ఉందని, దాన్ని పన్నెండు నుంచి మూడుకు తెచ్చింది. ఎవరో పోగొట్టుకున్న సొమ్ము దొరికినంత సంబరం ఆమె గొంతులో. కుర్చీది ఎనిమిదికి పడింది. ఎనిమిది ఎక్కువే అని కూడా అంది. పంతొమ్మిది ఆల్బమ్‌ల దాకా వినగలిగింది.

దినాలు అయిపోయాక గిర్ని తెరిచారు. ఇక మీద నడిపేది అత్త కోడలు, మా బావ భార్య. ఆమెను నేను అక్క అంటాను. వీధి చివరి అవ్వ ఒకామె జొన్నలు తెచ్చింది. అక్క మిషన్ వేసింది. నేను కుర్చీది పెట్టాను. ఎందుకో ఆ రోజు అదే పెట్టాలనిపించింది.

రెండో పాట మొదలైంది. టక్ వినబడింది. దరువుకు ముందు పడింది. కాసేపటికి దరువు మీదే పడింది. ఆ తర్వాత వెనకబడింది. పాట ఒక దారి, బెల్టు ఒక దారి. నాకేమీ అర్థం కాలేదు. ఆమె వింటున్నన్నాళ్లూ నేనూ పక్కన కూర్చుని విన్నాను, ఎప్పుడూ ఇలా లేదు.

అవ్వ కూడా తల ఎత్తింది. "మీ అత్త ఉన్నప్పుడు గిట్ల తప్పకపోయేది" అంది. "గీ పాటకు ఆమె ఎడమ చెయ్యి డబ్బా కిందనే ఉండేది."

గింజలు పోసే డబ్బా కింద ఒక చెక్క పలక ఉంటుంది. దాన్ని లాగితే జొన్నలు ఎక్కువ పడతాయి, రాళ్లకు బరువు ఎక్కి బెల్టు నెమ్మదిస్తుంది. నెడితే తక్కువ పడతాయి, బెల్టు వేగం అందుకుంటుంది. పిండి మెత్తదనం కోసం పలకను ఆడిస్తోందని మేమందరం అనుకున్నాం. ముప్ఫై ఏళ్లు ఆమె గుప్పెడు గుప్పెడు జొన్నలు వదులుతూ ఆ టక్‌ను పాటలోకి తెచ్చి నిలబెట్టింది. తెలిసి చేసిందా, చెయ్యి తనంతట తాను చేసిందా? ఎవరిని అడగను? బెల్టు ఊరికే కొట్టుకోలేదు అత్తా, వాయించింది నువ్వు, అవి దొంగ మార్కులు కావు అని చెప్పడానికి ఆమె లేదు. అక్కడే పిండి డబ్బా మీద కూర్చుని ఏడ్చాను.

అక్క నన్ను లేపి, నా చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టింది. తన చెయ్యి పైన వేసింది. ఇద్దరం కలిసి కొంచెం లాగాం, కొంచెం నెట్టాం. నాలుగు దెబ్బలు కలిశాయి. మళ్లీ తప్పాయి. పాట అయిపోయింది. మణికట్టుల దాకా తెల్లగా పిండి.

"ఇంకోసారి పెట్టు బిడ్డా" అని అవ్వ తన ఖాళీ డబ్బాను ఒళ్లోకి తీసుకుని, మా కోసం దాని మూత మీద వేలితో దరువు వేయడం మొదలుపెట్టింది.