బతికి వచ్చిన వేషం

1966 నవంబరు 12, శనివారం. రాత్రి నుంచి ముసురు. బావి చేదకు కొత్త తాడు కట్టాను. శ్మశానం నుంచి వచ్చేవాళ్లందరికీ స్నానానికి నీళ్లు కావాలి. పక్కింటి మామ తెల్లవారుజామున గుండెనొప్పితో పోయాడు.

చుట్టం కాదు, పిలుపుకు మామ. మా రెండిళ్లకూ బావి ఒకటే. నాటకాల్లో పేరు తెచ్చుకుని, మద్రాసు పోయి సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. అన్నీ తండ్రి వేషాలే. కథ సగానికి రాకముందే మంచమెక్కి కన్నుమూసేవాడు. అలా చచ్చిపోతూనే ఇల్లు నడిపాడు.

నేను బడికి పోలేదు. ఊళ్లో ఉన్నప్పుడు ఎదుటి పాత్ర మాటలు నాచేత చదివించేవాడు. "తప్పయితే కానీలే, గట్టిగా చదువబ్బయా. నోట్లో నమిలితే ఎవుడికి తెలస్తది?" అనేవాడు. నాకొచ్చిన నాలుగక్షరాలు అలా వచ్చినవే.

మద్రాసు నుంచి వచ్చినప్పుడల్లా అత్త వాకిట్లోనే ఆపేసేది.

"ఈసారి కూడా సచ్చే వచ్చినావా? తలమీద నీళ్లు పోసుకోందే గడప తొక్కబాక!"

"ఊరికే సచ్చినానా మే? డబ్బులిచ్చి సంపినారు!"

నేను నీళ్లు తోడేవాణ్ణి. ఆయన నవ్వుతూ పోసుకునేవాడు. ఆమె నవ్వేది కాదు. ఆయన వేసిన సినిమా ఒక్కటీ చూడలేదు. ఆయన చావును కళ్లారా చూడలేనని అనేది.

కిందటి నెల మనుబోలులో రైలు దిగి, చినుకుల్లో నడిచి వచ్చాడు.

"నీళ్లు తోడబాకబ్బయా. ఈసారి బతికే వచ్చినా!" అంటూ నేరుగా గడప దాటాడు. ఈ సినిమాలో చివరిదాకా ఉంటాడట. కూతురి పెళ్లిలో అక్షింతలు వేస్తాడట. ఆ సినిమా గూడూరికి రాగానే అత్తను తీసుకుపోతానన్నాడు. ఆమె ఆ పూట పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. మామ అదే పప్పు మారు వేయించుకుని తిన్నాడు.

ఇవాళ అందరూ స్నానాలు చేసి వెళ్లాక, అత్త నన్ను పిలిచింది.

"అబ్బయా, గూడూరికి ఆ బొమ్మొస్తే నన్ను పిలుచుకుపోతావా?"

"అట్నే అత్తా."

"దాంట్లో పోడు గదా?"

"పోడత్తా. అక్షింతలేస్తాడు."

తల ఊపి లోపలికి వెళ్లింది.

బావి దగ్గరికి వచ్చి చూస్తే, గట్టు మీద ఒక బిందె నిండుగా మిగిలి ఉంది. తోడేటప్పుడు ఒకరికి ఎక్కువ తోడినట్టున్నాను. దాని మీద వాన పడుతూనే ఉంది. ఆ నీళ్లు పారబోయకుండా, మామ పోసుకునే చోట, వాకిట్లో పెట్టి వచ్చాను.