గడియారం మీద తువ్వాలు

నాకు విశ్రాంతి చేతకాదు. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచమెక్కి నాలుగేసి గంటలు పడుకుంటాను. సూది లేని చేతి వేళ్లు మాత్రం ఊరుకోవు, ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉంటాయి. జీడిపిక్కలు కొట్టి, పప్పు మీద పొట్టు తీసిన వేళ్లు మరి. వయసులో ఉన్నప్పుడు ఒక్క గంట నడుం వాల్చనిస్తే చాలు దేవుడా అనుకునేదాన్ని. ఇప్పుడు కదలకుండా పడుకోమంటుంటే ఒళ్లు మండుతోంది.

ఎదురు మంచం వైపు చూస్తే ఇంకా మండుతుంది. అక్కడ పడుకునేది మా పాత మేస్త్రీ.

పెళ్లయిన కొత్తలో ఆయన కిందే ఒక జీడి ఫ్యాక్టరీలో పని చేశాను. షెడ్డులో గోడ గడియారం ఉండేది. పొద్దున్నే మేం కూర్చోగానే మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పేసేవాడు. ఇక ఆయన చెప్పిందే టైము. రైలు కూత విని మధ్యాహ్నమైందని లేవబోతే, "ఈయాల రైలు ముందొచ్చీసినాది, కూకోండి" అనేవాడు. పలాసకి రైలు ముందొచ్చిన రోజు నా జన్మలో చూడలేదు. అయినా నోరు మూసుకుని కూర్చునేవాళ్లం.

నాకప్పుడు ఐదు నెలల కూతురు. పాల కోసం మా అత్త దాన్నెత్తుకుని ఒంటిగంటకి గేటు దగ్గరికి వచ్చేది. ఒంటిగంటయిందని నా జాకెట్టు తడిసి చెప్పేది. మేస్త్రీకి మాత్రం ఇంకా పన్నెండే. నేను పరిగెత్తుకెళ్లేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోయి ఉండేది. ఒకరోజు మా అత్త ఎండలో నిలబడలేక వెళ్లిపోయింది. ఆ తర్వాత పిల్లకి డబ్బాపాలు అలవాటయ్యాయి. నన్ను చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. గోడవైపు తిరిగి పాలు నేలమీద పిండుకున్నాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆయన పీక నొక్కెయ్యాలనిపిస్తుంది.

ఈ జబ్బు ఆయన వల్ల వచ్చిందని అనను. మా ఉద్దానం ఊళ్లలో ఈ కిడ్నీ జబ్బు ఎవరికి ఎందుకొస్తుందో చెప్పినవాడు లేడు. ఆయనకీ వచ్చింది కదా.

వార్డులో గడియారం ఆయన తల వెనక ఉండేది, నాకెదురుగా. మొదటి రోజు నన్ను గుర్తుపట్టలేదు. "అమ్మీ, టైమెంతయినాది?" అని అడిగాడు. పదకొండయింది. పది అని చెప్పాను. "ఇంకా పదేనా" అని నిట్టూర్చి కళ్లు మూసుకున్నాడు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో! ఇక ప్రతిసారీ అదే పని. కాళ్లు లాగుతున్నాయని మూలిగితే టైములో ఇంకో పావుగంట కోసి చెప్పేదాన్ని. తీరా ఒంటిగంటకి నర్సు సూదులు తీస్తుంటే, ఈ రోజు మిషను తొందరగా తిరిగిందని సంబరపడేవాడు పిచ్చి ముసలాడు. ఎవరైనా పాపమంటే అననీ.

పోయిన వారం నర్సు మా ఇద్దరి మంచాలూ అటుదిటు మార్చింది. గడియారం నా తల వెనక్కొచ్చింది. చచ్చినా ఆయన్ని అడగకూడదనుకున్నాను. ఆయన గడియారాన్ని చూశాడు, నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు ఆ పిల్లతల్లివి గదేటి" అన్నాడు.

అప్పటినుంచి అడక్కుండానే టైము చెప్పడం మొదలుపెట్టాడు. పదయిందని, పదిన్నరయిందని, పదకొండయిందని. నర్సును చాటుగా అడిగితే నిమిషం తేడా లేదు. దాంతో నాకు ఇంకా కాలింది. ఇన్నేళ్లూ ఎక్కడ దాచాడు ఈ నిజాన్ని?

చివరికి నర్సు నా సూదులు తీస్తుండగా మెల్లగా అన్నాడు.

"ఒంటిగంటయినాది. ఎల్లమ్మీ, ఎల్లు."

గేటు దగ్గర నా కూతురు ఆటో ఆపుకుని ఎదురుచూస్తోంది. లేచి నా తువ్వాలు భుజాన వేసుకున్నాను.

"ఇంకా పన్నెండే మేస్త్రీ," అన్నాను. "తొంగో."