టీచరమ్మ గోడకెక్కించిన పిల్లలు

టీచరమ్మ పోయిందని మొన్న రాయచోటి నుంచి ఆమె తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. సాయంత్రం అసర్ నమాజుకు లేచి, వజూకు కాళ్లూ చేతులూ కడుక్కుని, చాప మీదే ఒరిగిపోయిందట. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు అయ్యి మట్టి చేశారట. "మీ పేరు ఎప్పుడూ తలుస్తాండె అక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ఆమెను తలచుకుంటే నాకు రెండూ వస్తాయి, ఏం చేయను.

ఎనభైల మొదట్లో కువైట్‌లో, సాల్మియాలో మా ఫ్లాటూ ఆమె గదీ ఎదురెదురు. మా నాన్న సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపరు. టీచరమ్మ కడపలో టీచర్ ట్రైనింగ్ చేసి, భర్త పోయాక కువైట్ వచ్చి, ఒక ఇంగ్లీషు దొరసాని నడిపే చిన్నపిల్లల బడిలో చేరింది. కాగితాల మీద ఆయా. పని కూడా ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడమే. మా బిల్డింగులో మాత్రం చిన్నాపెద్దా అందరికీ టీచరమ్మే. ఎవరైనా నోరు జారి ఆయా అన్నారో, అయిపోయినట్టే. "ట్రైనింగ్ చేసింది నేను, కాగితం రాసింది వాళ్లు. ఎవరి మాట నమ్ముతావు?" అనేది.

గొంతు పెద్దది. పాలు లేని సులైమానీ టీ స్టీలు గ్లాసులో పోసుకుని మా గడప దగ్గర కూర్చుని, మా అమ్మ బియ్యం ఏరుతుంటే మాకు ఎక్కాలు అప్పజెప్పించేది. తప్పు చెబితే కొట్టేది కాదు, టీ తాగడం ఆపి చూసేది. అంతకంటే కొట్టినా బాగుండు అనిపించేది. "ఒకరింటికి పోతే చూసేది తర్వాత, ముందు నీ కాళ్లు తుడుచుకో" అనేది ఆమె నోట్లో ఊతపదం. ఇల్లు ఊడ్చే పనికీ అదే మాట, పక్కింటి వాళ్ల మీద చాడీలు చెప్పే వాళ్లకూ అదే మాట.

ఆ బడి గోడ మీద ఒక పెద్ద రంగుల పటం ఉండేది. ప్రపంచంలోని పిల్లలు. నడుమ ఇంగ్లీషు పిల్లాడు, నిక్కరు, చొక్కా, చేతిలో పుస్తకం. చుట్టూ తక్కిన దేశాలు. ఒకడి తలలో ఈకలు, ఒకడి చేతిలో ఈటె, ఒకతె మంచు ఇంట్లోంచి తొంగి చూస్తోంది. మన దేశపు పిల్ల చెవులకు రింగులతో పాము బుట్ట ముందు కూర్చుని ఉంది. ఏళ్ల తరబడి ఆ పటం కింద నిలబడే టీచరమ్మ లేసులు కట్టింది. ఒకరోజు హైదరాబాదు డాక్టరుగారి పాప ఆమె కొంగు పట్టుకుని అడిగిందట, "టీచర్, మా ఇంట్లో పాము ఎప్పుడు కొంటారు?"

ఆ సాయంత్రం ఆమె టీ తాగలేదు.

"చూడు మేయ్," అంది మా అమ్మతో. "వాళ్ల పిల్లోడు ఉత్త పిల్లోడు. తక్కినోళ్లంతా దేశాలు! వానికి పుస్తకం, మనకు పాము. ఆ పసిది దాన్ని చూసి తానెవరో నేర్చుకుంటాండాది."

"ఆ దొరసాని అంత చెడ్డదా?" అంది అమ్మ.

"చెడ్డదైతే తిట్టుకుని ఊరుకుందును. పిల్లలకు జరమొస్తే ఒళ్లో పండబెట్టుకుంటాది. మంచిది గాబట్టే చెప్పాల."

చెప్పడం నోటితో కాదు. అట్ట కొని, రంగులు కొని, తానే ఒక పటం గీసింది. అందులో మన పిల్ల పళ్లు తోముకుంటోంది. ఆ పిల్ల నేనే. చూసి గీసేందుకు నన్ను నోటి నిండా నురగతో నిలబెట్టి, "మింగొద్దు, ఊయొద్దు" అని కసిరింది. ఆఫ్రికా పిల్లాడు నాలుక బయటపెట్టి లెక్క చేసుకుంటున్నాడు. మంచు దేశపు పిల్ల పాలు తాగనని మొండికేసింది. ఇంగ్లీషు పిల్లాడికి మాత్రం పొడుగు నల్లటోపీ, ఒక కంటికి అద్దం, చంకలో గొడుగు. బడిలోని పాత పటంలో కువైటీ పిల్లాడే లేడు. "వాళ్ల దేశంలో ఉప్పు తింటా వాళ్లనే మర్సిపోయినారు" అని వాణ్ణి తానే చేర్చింది. మరునాడు పాత పటం పక్కనే తగిలించి వచ్చింది.

దొరసాని మొహం ఎర్రబడిందట. "ఇదేం వెటకారం? మా దేశంలో ఏ పిల్లాడూ ఇలా ఉండడు" అందట.

"మా దేశంలో ఏ పిల్లా పాముతో ఆడుకోదు మేడమ్" అంది ఈమె.

గురువారంలోగా తీసేయమంది దొరసాని. తీయకపోతే వేరే పని చూసుకోమంది. వేరే పని అంటే మాటలా? ఆమె ఇఖామా, అదే నివాస కాగితం, ఆ బడికి జామీనున్న కువైటీ కఫీల్ పేరు మీదే ఉంది. పని పోతే దేశంలో ఉండే హక్కూ పోతుంది. మా నాన్న ఆ రాత్రి అన్నం సహించక ఆమెను పిలిచి చెప్పాడు.

"కఫీల్ ఖలాస్ అన్నాడంటే విమానం ఎక్కాల్సిందే టీచరమ్మా. ఒక బొమ్మ కోసమా?"

"ఆ గదిలో నేనుండంగా ఆ పాప పాము కోసం ఎదురుచూడకూడదు, అన్నా. పంపిస్తే పోతా. రాయచోటిలో గోడలు లేవా, పటాలు తగిలించుకునేకి?"

బుధవారం ఒక కువైటీ తల్లి కొడుకును తీసుకుపోవడానికి బడికి వచ్చింది. కొత్త పటం ముందు ఆగింది. "ఇదెవరు, మా వాడా?" అంది. టీచరమ్మ గర్వంగా అవునంది. ఆ తల్లి పడీపడీ నవ్విందట. మా టీచరమ్మ కువైటీ పిల్లాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టింది? ఒంటె మీద! నడుముకు కత్తి కూడా కట్టింది. "మా వాడు ఒంటెను చూస్తే కారు సీటు కింద దూరతాడు" అందట ఆమె. నవ్వు ఆగాక మాత్రం, "ఇన్నేళ్లు మా దగ్గర ఉన్నావు, మేం నీకు ఇలాగే కనబడ్డామా?" అని అడిగి వెళ్లిపోయిందట.

ఇంటికొచ్చి మా మెట్ల మీద కూలబడింది టీచరమ్మ.

"గురివింద గింజ నేనే మేయ్. దొరసాని నలుపు కనపడె, నాది కనపడకపోయె. కాళ్లు తుడుచుకోకుండానే పోతి."

"పోనీలే, ఇంక తీసేస్తావా?" అంది అమ్మ ఆశగా.

ఆమె తలెత్తి చూసింది. ఎక్కం తప్పు చెప్పినప్పుడు మమ్మల్ని చూసే చూపు అది. "తీసేది యాడిది? దిద్దుతా!"

మళ్లీ బడికి పోయి పటాన్ని ఇంటికి తెచ్చుకుని, ఒంటె మీద తెల్ల కాగితం అంటించి కారు గీసింది. వెనక సీట్లో పుస్తకాల సంచి మీద తల పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్లాడు. గురువారం పొద్దున ఆ పటాన్ని చంకన పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టి, గొడుగు వేసుకుని బడికి నడిచిపోతుంటే బిల్డింగు ఆడవాళ్లూ పిల్లలమూ అందరం బాల్కనీల్లో నిలబడి చూశాం. ఆమె వెనక్కి తిరిగి, "ఏంది, నేనేమన్నా యుద్ధానికి పోతాండానా? యల్లా, పనులు చూసుకోండి" అని అరిచింది.

అక్కడ దొరసానితో ఒకటే మాట చెప్పిందట. "నేను తప్పు గీసినాను మేడమ్, దిద్దుకున్నాను. ఇప్పుడు మీ వంతు."

దొరసాని చాలాసేపు రెండు పటాల ముందూ నిలబడిందట. కోపంతో నిలబడిందో, ఆలోచిస్తూ నిలబడిందో టీచరమ్మ ఎప్పుడూ చెప్పలేకపోయింది. చివరికి కుర్చీ ఎక్కి, తన పటాన్ని తన చేత్తోనే దింపింది. కిందికి దిగి, "నా పిల్లాడి టోపీ కూడా తీసేయాలి" అందట. టీచరమ్మ అక్కడికక్కడే టోపీ, అద్దం, గొడుగు అన్నీ తీసేసి, వాడి బూట్ల లేసులు ఊడిపోయినట్టు గీసింది. "ఉన్నమాటే గదా, రోజూ కట్టేది నేనేనాయె" అంది మాతో. పని పోలేదు. కాగితంలో ఆయా అన్న మాటా మారలేదు. కాగితాలు మారతాయని నేనిప్పుడూ నమ్మను. ఆ పాప మాత్రం పామును అడగడం మానేసింది.

పోయిన నెల కడపలో మా మనవడి బడిలో ప్రపంచ దేశాల వేషాలని చీటీ పంపారు. నా కోడలు ఈకల టోపీ కొందామా, కిమోనో కుట్టిద్దామా అంటోంది. నేను వాణ్ణి ఉత్త బనియను, నిక్కరుతో పంపాను. నోటి నిండా నురగ. ఈ సంగతి ఫోన్లో టీచరమ్మకు చెప్పి నవ్విద్దామని, రేపు రేపని, చెప్పనేలేదు.

స్టేజి మీద వాణ్ణి ఏ దేశమని అడిగారట. మింగొద్దు, ఊయొద్దు అని చెప్పి పంపాను కదా, వాడు నోరు తెరవకుండా, బ్రష్షు పట్టుకుని, అందరి వంకా చూస్తూ అలాగే నిలబడ్డాడట.