ఎత్తి ఊదిన ఫైఫ్

ఆ రోజుల్లో మనుషులకు ఓపిక ఎక్కువ అని నా వయసువాళ్లు చెబుతూ ఉంటారు. నా పాత డైరీలు తిరగేస్తే మాత్రం, నాకు ముప్పై దాటీ దాటకముందే ఓపిక అయిపోయినట్టు కనిపిస్తుంది. డెబ్బైల చివర, అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో, బాల్ బేరింగుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాణ్ని. పగలంతా ఉక్కు గుండ్లు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడడం, సాయంత్రం ఇంటికొచ్చి డైరీలో 'అలసట' అని రాయడం (కొన్ని వారాల్లో ఆ మాట కూడా రాయలేక 'నిన్నటిలాగే' అని రాశాను). అది పని వల్ల వచ్చిన అలసట కాదు. ఊరివాళ్లు మంచివాళ్లే. ఎదురైతే నవ్వేవాళ్లు, చలి తట్టుకోగలుగుతున్నానా అని అడిగేవాళ్లు, మా వైపు ఏనుగులు వీధుల్లో తిరుగుతాయా అని అడిగి జవాబు వినకుండా వెళ్లిపోయేవాళ్లు. నాలుగేళ్లపాటు ఒకే ఊళ్లో చుట్టంగా ఉండి చూడండి, అప్పుడు తెలుస్తుంది. చుట్టానికి కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, పని మాత్రం చెప్పరు. నాకు ఎవరైనా ఒక పని చెబితే బాగుండునని ఉండేది.

చివరికి చెప్పినవాడు మా ఫోర్‌మనే. ఆ ఊరికి తాతల నాటి ఫైఫ్ అండ్ డ్రమ్ బృందం ఒకటి ఉండేది. ఫైఫ్ అంటే మన పిల్లనగ్రోవికి దూరపు బంధువు, అడ్డంగా పట్టి ఊదే పొట్టి చెక్క గొట్టం. దాని గొంతు మాత్రం బంధుత్వం ఒప్పుకోదు, రెండు వీధుల అవతల కుక్కలు లేస్తాయి. పూర్వం సైనికులను నిద్ర లేపడానికీ, అన్నానికి పిలవడానికీ, కట్టెలు తెమ్మనడానికీ కూడా ఒక్కో బాణీ ఉండేదట. యుద్ధాలు అయిపోయాయి, సైనికులు పోయారు, బాణీలు మాత్రం ఆ ఊరి రైతులూ మంగళ్లూ పోస్ట్‌మన్లూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ దాచుకున్నారు. మా ఫోర్‌మన్ ఆ బృందానికి ముందు పొడుగాటి కర్ర ఊపుకుంటూ నడిచేవాడు. అందుకని ఇంట్లో నేనూ మా ఆవిడా ఆయన్ని కర్రదొర అనేవాళ్లం. బేరింగులు చూస్తూ నేను ఈల వేసుకోవడం ఆయన చెవిన పడింది. ఈల వచ్చినవాడికి ఫైఫ్ వస్తుందని నా చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైఫ్ పెట్టాడు. చలికాలమంతా ఫైర్ స్టేషన్ మేడ మీద నేర్చుకున్నాను. పద్ధతిగా నేర్చుకున్నాను కూడా. ఏ బాణీ ఎక్కడ తప్పానో రాత్రి రాసుకుని, మర్నాడు సరిచేసుకునేవాణ్ని.

వేసవి మొదట్లో బృందంలో అందరికన్నా పెద్దవాడు, ఎనభై దాటిన పిప్పరమెంటు తాత, ఇక నడవలేనన్నాడు (ఎప్పుడు చూసినా బుగ్గన పిప్పరమెంటు బిళ్ల ఉండేది కనుక ఆ పేరు మేము పెట్టిందే). ఆయన చోటు నాకన్నారు. నేను సంబరపడుతుండగానే కర్రదొర నన్ను పక్కకు పిలిచి బృందం ఆచారం చెప్పాడు. వెళ్లేవాడు అందరి ముందూ ఆఖరి పాట ఊది, వాద్యాన్ని పెదవి మీంచి తీసి వచ్చేవాడికిస్తాడు. వచ్చేవాడు దాన్ని తుడవకూడదు. ఆ ఊపిరి వేడి చల్లారకముందే అందుకుని ఊదాలి. తుడిస్తే ఆ మనిషిని తుడిచేసినట్టట. అప్పుడు ఊదనివాడికి చోటు లేదు, మళ్లీ ఎవరో ఒకరు తప్పుకునేదాకా ఆగాలి. చెబుతుంటే కర్రదొర కళ్లు చెమర్చాయి. నాకూ చెమర్చాయి గానీ కారణం వేరు.

నేను పెరిగిన ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసు పెదవికి తగలకూడదు. ఎత్తి గొంతులో పోసుకోవాలి. పొరపాటున తగిలితే మా అమ్మ ఆ గ్లాసును విడిగా పెట్టి, నా వైపు చూసే చూపు కూడా విడిగా పెట్టేది. ఎంగిలి అనే మాట నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది. ఫ్యాక్టరీలో కాగితం కప్పుతో కూడా ఎత్తి తాగేవాణ్ని. నేను నీళ్లు తాగడం లేదని, నాకు నేనే నీళ్లు పోసుకుంటున్నానని కుర్రాళ్లు నవ్వేవాళ్లు. అలాంటి నేను, రోజంతా పిప్పరమెంటు చప్పరించే ముసలాయన నోటిలోంచి వచ్చిన తడి చెక్కను నోటికి ఆనించాలి.

రాత్రి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ వంటగట్టు తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"పెళ్లయిన దగ్గర్నుంచి నా కాఫీ కప్పులో ఒక్క గుక్క తాగమంటే తాగరు. ఇప్పుడు ఆ ముసలాయన గొట్టం షేర్ చేసుకుంటారా?"

"షేరింగ్ కాదే. హెరిటేజ్."

"దానికీ సబ్బు పెట్టి కడగొచ్చుగా."

"కడక్కూడదట."

"అయితే మానేయండి. ఎవరు బలవంతం చేశారు?"

ఎవరూ చేయలేదు. అదే బాధ. చుట్టంగా ఉండి అలిసిపోయానని ఆవిడకు చెబితే అర్థం చేసుకునేదేమో గానీ, ఆ పూట మాటలు కూడదీసుకునే శక్తి లేకపోయింది.

అప్పుడు వచ్చింది నాకు ఆ ఆలోచన. గ్లాసు ఎత్తి తాగగలిగినవాడు ఫైఫ్ ఎత్తి ఊదలేడా? పెదవికి వేలెడు దూరంలో పట్టుకుని, గాలిని సూటిగా ఆ రంధ్రంలోకి వదిలితే సరి. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, గాలి వేగం, కోణం, దూరం బొమ్మ వేసుకున్నాను. వారం పాటు ప్లాస్టిక్ ఫైఫ్‌తో బాత్రూమ్‌లో సాధన చేశాను. ఎప్పుడైనా ఒకసారి సన్నగా కూత వచ్చేది. మిగతా అన్నిసార్లూ కళ్లు తిరిగేవి. తలుపు అవతల నుంచి మా ఆవిడ, "ఏవండీ, పొయ్యి ఊదుతున్నారా?" అని అడిగేది.

ఆ రోజు రానే వచ్చింది. ఫైర్ స్టేషన్ ముందు పచ్చిక మీద అందరం వలయంగా నిలబడ్డాం. పాతకాలపు సైనికుల వేషం: మూడు మూలల టోపీలు, ఉన్ని కోట్లు, మోకాళ్లదాకా తెల్ల మేజోళ్లు. ఆ ఎండలో ఆ ఉన్నితో, నిలబడడమే ఒక ఉద్యోగంలా ఉంది. పిప్పరమెంటు తాత తన ఆఖరి పాట ఊదాడు. మధ్యలో ఒకచోట ఊపిరి చాలక ఆగి, ఎవరూ తొందరపెట్టకుండా నిలబడితే, మళ్లీ అందుకుని పూర్తి చేశాడు. ఫైఫ్ నా చేతికిచ్చాడు. వెచ్చగా ఉంది, తడిగా ఉంది, పిప్పరమెంటు వాసన వేస్తోంది.

నేను దాన్ని ఎత్తి, వేలెడు దూరంలో పట్టుకుని ఊదాను. ఖాళీ సీసా మూతి మీద గాలి పోయినంత చప్పుడు కూడా రాలేదు. మళ్లీ ఊదాను. ఏమీ లేదు. నా గొంతు పూడుకుపోయిందనుకున్నారు కాబోలు, ఎదురుగా ఉన్న డోలు వాయించే ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆయన్ని చూసి పక్కాయన తీశాడు. కాసేపటికి వలయమంతా టోపీలు తీసి తలలు వంచుకుని నిలబడింది. కర్రదొర భార్య కళ్లు తుడుచుకుంటోంది. నా జీవితంలో అంత గౌరవం మళ్లీ ఎన్నడూ దొరకలేదు, అంత అన్యాయంగానూ దొరకలేదు. మూడోసారి కూడా గాలే వచ్చింది. ఇక ఫైఫ్ తిరిగిచ్చేసి, ఇంటికి పోయి, మళ్లీ చుట్టాన్నయిపోదామనుకున్నాను. అంత అలసట వచ్చేసింది.

అప్పుడు పిప్పరమెంటు తాత ఒక అడుగు ముందుకేసి, నా చెవిలో మెల్లిగా అన్నాడు. "నాకూ ఇలాగే ఉండింది, అబ్బాయ్. నాకిచ్చినాయన పొగాకు నమిలేవాడు. ఆయనకు పళ్లు కూడా లేవు."

నేను ఆయన మొహంలోకి చూశాను. "ఎంతసేపు పట్టింది మీకు?"

"మా నాన్న వెనకనుంచి డొక్కలో పొడిచేదాకా."

నాకు నవ్వొచ్చింది. ఆ పళ్లు లేని పెద్దమనిషికి ముందు ఇంకెవరో, ఆయనకు ముందు ఇంకెవరో, ఈ వరసలో ప్రతివాడూ కళ్లు గట్టిగా మూసుకునే అందుకున్నాడన్నమాట. ఇంత గొప్ప వారసత్వం అని అందరూ చేతికి అందిస్తూ వచ్చినదాంట్లో సగం ఈ ఏవగింపే. నవ్వుతూనే ఫైఫ్ పెదవికి ఆనించాను. వచ్చిన కూతకు ఎదురింటి కుక్క లేచింది. టోపీలన్నీ మళ్లీ తలల మీదికి వెళ్లాయి. ఆ రాత్రి డైరీలో 'ఊదితిని' అని ఒక్క మాటే ఉంది (గ్రాంథికం ఎందుకు వాడానో ఇప్పుడు గుర్తు లేదు).

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ తను సగం తాగిన కాఫీ కప్పు నా ముందు పెట్టి, చూస్తూ కూర్చుంది. తాగాను. మిగిలింది ఆవిడ తాగింది.

తాతకు జలుబు అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. మూడో నాటికి నాకు ముక్కు కారడం మొదలైంది, ఆ మర్నాడు ఆవిడకు. ఊళ్లో జూలై ఊరేగింపు నాటికి జలుబు తగ్గి దగ్గు మిగిలింది. ఉన్ని కోటులో, ఆ ఎండలో, రెండు చరణాలకు ఒకసారి దగ్గుతూ ఊదాను. నేను దగ్గినప్పుడల్లా బాణీలో ఒక కన్నం పడేది, పక్కవాడు దాన్ని పూడ్చుకుంటూ నడిచాడు. బ్యాంకు మలుపు దగ్గర పిప్పరమెంటు తాత మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేము ఎదురుగా వచ్చేసరికి నాకు దగ్గొచ్చింది. అక్కణ్నుంచి ఆయనా దగ్గాడు. అదే గొంతు, అదే గరగర. వీధిలో జనం అటూ ఇటూ చూశారు.

"ఒరేయ్, అది నాది," అని కుర్చీలోంచి అరిచాడు ఆయన. "వాడుకున్నాక తిరిగిచ్చెయ్."

వరసలో ఉన్నవాడు మాట్లాడకూడదు, అందుకని తల ఊపాను. ఆ తర్వాత నన్ను ఏనుగుల గురించి ఎవరూ అడగలేదు. బల్లలు సర్దమని, డోళ్లు మోయమని, ఉన్ని కోట్లు ఎండేయమని మాత్రం చెప్పేవాళ్లు. చెబుతూనే ఉన్నారు, ఇన్నేళ్లూ. ఇంత పని కావాలని నేను కోరుకోలేదని డైరీలో చాలాచోట్ల రాసుకున్నాను.

తాతకు ఆయన దగ్గు తిరిగివ్వడం కుదరలేదు. మరుసటి వేసవికి ఆ మలుపులో ఆ కుర్చీ లేదు. ఇప్పుడు నాకూ చలికాలం వస్తే గొంతు పట్టేస్తుంది. మా ఆవిడ అల్లం కషాయం పెట్టి, తను ఒక గుక్క తాగి వేడి సరిచూసి, నాకిస్తుంది. ముసలాణ్ని కదా, వెంటనే తాగేయాలి. కానీ తాగే ముందు ఒకసారి దగ్గి వింటాను, ఇంకా ఆయనదేనా, లేక ఈమధ్య నాదైపోయిందా అని.