కుడి గొట్టంలో ఎర్రపత్తి

గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో ఇరవై ఆరేళ్లుగా పత్తి నాణ్యత చూసి చెప్పడం నా పని. వేళ్ల మధ్యకి రానిదేదీ నమ్మే అలవాటు నాకు లేదు. మిల్లు వెనక గోడౌనులో దయ్యం ఉందని హమాలీలు చెప్పుకుంటుంటే, నేను మధ్యాహ్నం పూట అందులోనే కునుకు తీసేవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని అనను. నా చేతికి వచ్చిన కాస్త పత్తి గురించి రాస్తున్నాను.

మాది పొదిలి దగ్గర ఒక మెట్ట ఊరు. మా తాత కొన్న జంట గొట్టాల తుపాకి ఆయన తర్వాత నాన్న చేతికి వచ్చింది. నాన్న దాంతో వేటాడటం నేనెప్పుడూ చూడలేదు. చేలో అడవిపందులు పడితే గాల్లోకి ఒక్కటి పేల్చేవాడు, అంతే. కానీ దాన్ని ఆయన చూసుకున్నంత శ్రద్ధగా నేను నా జీవితంలో ఏదీ చూసుకోలేదు.

గొట్టాల మూతుల్లో ఎప్పుడూ దూది కుక్కి ఉంచేవాడు. లేకపోతే కుమ్మరి పురుగు దూరి లోపల మట్టిగూడు కడుతుంది. దాని కోసమే గట్టు మీద పది ఎర్రపత్తి మొక్కలు పెంచేవాడు. ఇది లేత ఇటుక రంగు దూది, పోగు పొట్టిగా ఉంటుంది. హైబ్రిడ్ విత్తనాలు వచ్చాక మా వైపు ఆ రకం వేసేవాళ్లే లేరు. గింజ తీయకుండానే కుక్కేవాడు, లాగేటప్పుడు వేళ్లకి పట్టు దొరుకుతుందని.

పేల్చే ముందు దూది లాగేసి, తుపాకిని మధ్యకి మడిచి, గొట్టాల్లోంచి పైకి చూసేవాడు. "ముందు ఆకాశం చూడాలిరా. రెండిట్లోనూ కనపడితేనే తూటా ముట్టుకోవాల" అనేవాడు. ఆ మాట నా చిన్నతనంలో వందసార్లు విని ఉంటాను.

ఇక నా తప్పు చెప్పాలి. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అయిపోయాక రసీదు చూపించి తెచ్చుకోవాలి. ఒకసారి అలా అప్పగించిన తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చింది. రసీదు నా చేతిలో పెట్టి, "చదువుకున్నోడివి, ఆ కాయితాలేందో చూసి తెచ్చిపెట్టరా" అన్నాడు. దాన్ని గుంటూరు తెచ్చి బీరువాలో పడేశాను. ఆయన ఫోన్ చేసి అడిగినప్పుడల్లా, "అర్జీ పెట్టాను నాన్నా, వచ్చే వారం ఇస్తారంట" అనేవాణ్ని.

అర్జీ పెట్టనే లేదు. పత్తి సీజను, తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. పాత ఇనుప ముక్క కోసం స్టేషన్ల చుట్టూ తిరగడం నామోషీ అనిపించింది, అదీ నిజం. ఏడాది దాటాక నాన్న పోయాడు. చివర్లో మాట పడిపోయింది. నేను వెళ్లిన ప్రతిసారీ ముందు నా చేతుల వైపు చూసేవాడు.

పోయిన ఏడాది మా తమ్ముడు శ్రీను లైసెన్సు తన పేరు మీదకి మార్పించుకుని తుపాకిని విడిపించాడు. ఊళ్లో వ్యవసాయం చేసేది వాడే. తుపాకి గొట్టాలు తుప్పు పట్టాయి, చెక్క చీలింది. స్టేషన్లో వాళ్లని తప్పు పట్టడానికి లేదు. అడిగేవాడు లేని వస్తువు అలాగే ఉంటుంది. బాగుచేయించే బాధ్యత నాదని వాడికి చెప్పాను.

గుంటూరులో తుపాకులు బాగుచేసే వీరాచారి గారికి డెబ్బై దాటాయి. ఇద్దరం కాగితాలతో సహా తీసుకెళ్లాం. ఆయన గొట్టాలు ఊడదీసి, దారంతో దూలానికి వేలాడదీసి, గోటితో మీటారు. టప్పుమంది.

"గంట మోగినట్టు మోగాలండి. ఇది దగ్గుతోంది" అన్నారు.

తర్వాత చెక్కని వెలుతురులోకి తిప్పి, "మీ నాన్నగారిది ఎడమచేతి వాటం కదూ?" అన్నారు. బుగ్గ ఆనీ ఆనీ చెక్కకి కుడివైపు మెరుగు పోయిందట. శ్రీను వెంటనే అవునన్నాడు. నేను కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చింది.

నాలుగు నెలలు, సెలవు దొరికిన ప్రతి ఆదివారం, ఆయన కొట్లో కూర్చున్నాను. తుప్పుని గీకేవారు కాదు. నూనెలో నానబెట్టి, అది తనంతట తాను వదిలేదాకా ఆగేవారు. చెక్కకి అవిసె నూనె అరచేత్తోనే పట్టించేవారు, గుడ్డతో కాదు. అరచేయి వేడెక్కితేనే నూనె లోపలికి దిగుతుందనేవారు. అందులో పావు వంతు ఓపిక నాలో ఉన్నా ఆ తుపాకి ఆ స్థితికి వచ్చేది కాదు.

చివరి రోజు గొట్టాలు మళ్లీ వేలాడదీసి మీటారు. మోగింది. ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఆయన చెవి ఒగ్గి విన్నారు. ఆ తర్వాత ఒక ఇత్తడి కడ్డీ, దానికి బిగించే బ్రష్షు నా చేతికిచ్చారు. "దీంతోనే తుడవండి. గుడ్డలు మాత్రం దూర్చకండి బాబూ" అన్నారు.

శ్రావణ మాసంలో తుపాకితో ఊరికి వెళ్లాం. ఇత్తడి కడ్డీ గుంటూరులో మా ఇంట్లోనే మర్చిపోయాను.

ఆ సాయంత్రం శ్రీను గొడ్లకి మేత వేయడానికి వెళ్లాడు. తుపాకి నా పక్కన మంచం మీద ఉంది. మర్నాడు పొద్దున చేలో పేల్చి చూద్దామనుకున్నాం, అప్పటికి ధగధగా మెరవాలని నాకు ఉబలాటం. పాత లుంగీ పీలికలు కందికట్టెకి చుట్టి, మూతి వైపు నుంచి రెండు గొట్టాలూ తుడిచాను. శ్రీను వచ్చేసరికి మంచం మీద పీలికలు పడి ఉన్నాయి.

"ఏందన్నయ్యా ఇది? ఆచారిగారు వద్దన్నారు గదా?"

"పైపైన తుడిచాన్లేరా" అన్నాను.

వాడు తుపాకిని గుడ్డ సంచిలో పెట్టి, ఇనప బీరువాలో తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

తెల్లారాక మొక్కజొన్న చేలోకి వెళ్లాం. శ్రీను భార్య సుజాత కూడా వచ్చింది. గట్టు మీద శ్రీను సంచిలోంచి తుపాకి తీశాడు. రెండో చేతిలో రెండు తూటాలు ఉన్నాయి. మూతి వైపు చూసి ఆగిపోయాడు.

"దూది కుక్కావా అన్నయ్యా?"

నేను కుక్కలేదు. కుడి గొట్టంలో మాత్రమే ఉంది. వేళ్లతో లాగాను. లేత ఇటుక రంగు, గింజలతో సహా.

నా వేళ్లు వాటి పని అవి చేశాయి. పోగు లాగి చూశాను, పొట్టిది. గింజని గోటితో నొక్కాను, లోపల పచ్చిగా ఉంది. పాత దూది చప్పబడి పొడిపొడిగా చేతికంటుతుంది. ఇది కాయ పగిలి వారం కూడా కాని పత్తి. శ్రావణంలో ఏ చేలోనూ పత్తి పగలదు.

"ఇదెక్కడిది బావగారూ? దీపం వత్తులకి కూడా దూది కొట్లోనే కొంటున్నాం మేము" అంది సుజాత. నాన్న చనిపోయిన ఏడాదే గట్టు చదును చేస్తూ ఆ మొక్కలన్నీ పీకేశామని శ్రీను అన్నాడు.

దూది చేతిలో ఉండగానే నాన్న మాట గుర్తొచ్చింది. తుపాకి మడవమన్నాను. ఎడమ గొట్టంలో ఆకాశం కనపడింది. కుడి గొట్టం చీకటిగా ఉంది.

కట్టెతో పొడిస్తే నీలం గళ్ల లుంగీ పీలిక ఒకటి జారి కింద పడింది. ముందు పేలేది ఆ గొట్టమే. దాని పక్కన ఆనేది శ్రీను బుగ్గ.

వాడు తూటాలు ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు. అక్కడే గట్టు మీద కూర్చుని రెండు అబద్ధాలూ వాడికి చెప్పాను. ముందటి సాయంత్రం చెప్పింది, నాన్నకి ఏడాది పొడుగునా చెప్పింది.

వాడు కింద పడ్డ పీలికని వేలికి చుట్టుకుంటూ, "నాన్నకి నీ మీద ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదన్నయ్యా" అన్నాడు.

వారం తర్వాత వీరాచారి గారికి ఇదంతా చెప్పాను. నన్ను తిట్టలేదు. "గొట్టం చీలేదండి" అన్నారు, అంతే. దూది మాత్రం తాను పెట్టలేదన్నారు. ఆయన పెట్టే వీలే లేదు. ఆ సాయంత్రం నేను పీలికలు దూర్చింది అదే మూతిలోంచి. శ్రీను, సుజాత వాళ్ల పిల్లాడి మీద ఒట్టేశారు. వాళ్లే పెట్టారనుకున్నా, ఆ నెలలో ఆ పత్తి ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ దూదిలో ఏడు గింజలు ఉన్నాయి. శ్రీను వాటిని గట్టు మీద నాటాడు. అయిదు మొలిచాయి. మొదటి కాయ పగిలినప్పుడు కబురు పెట్టాడు, వెళ్లి పోగు లాగి చూశాను. అదే పత్తి.

ఈ మధ్య మళ్లీ ఎన్నికలు వచ్చాయి. శ్రీను ఆ మొక్కల దూదే మూతుల్లో కుక్కి తుపాకి అప్పగించి, రసీదు నా చేతికిచ్చాడు. తిరిగి ఇవ్వడం మొదలైన రోజే సెలవు పెట్టి వాడితో కలిసి స్టేషన్‌కి వెళ్లాను. ఆవరణలోనే దూది లాగి, తుపాకి మడిపించి, పైకి చూశాను. రెండిట్లోనూ ఆకాశం ఉంది.

నన్ను ఏ పత్తి గురించి అడిగినా, ఏ రకం, ఏ నేల, ఎన్నాళ్లది అన్నది చెప్పగలను. ఆ రోజు కుడి గొట్టంలోకి వచ్చిన పత్తి ఎక్కడిదో మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.