పడుకునే ముందు ఒక కేక

ఎనభైల్లో మామిడి అంట్ల కోసం అనంతపురం నుంచి నూజివీడు వెళ్లాను. మొక్కలు తెల్లారాకే ఇస్తామన్నారు అంట్లమ్మే తోటవాళ్లు. లాడ్జి గదిలో ఉక్కకు తాళలేక తోటలోనే పడుకుంటానన్నాను. దుప్పటి, టార్చిలైటు, చేతికర్ర, నీళ్ల చెంబు అన్నీ సర్దుకున్నాను. నా అంత జాగ్రత్తపరుడు లేడనుకున్నాను.

ఆ తోటకు కాపలా ఉండే వెంకమ్మ నా సామాను చూసి నవ్వింది. "అన్నీ తెచ్చుకున్నావు గానీ అన్నయ్యా, కేకేశావా?"

"ఏం కేకమ్మా?"

"చుట్టూ తోటలోళ్ల దగ్గర వడిసెలలుంటాయి. కొత్త మనిషి కదిలితే దొంగనుకుని రాయి విసురుతారు. చీకటి పడకముందే పేరూ ఊరూ అరిచి చెప్పుకోవాలి."

నా కర్ర మీద నాకే నమ్మకం పోయింది. అప్పటికి నాకు చదువు రాదు గానీ గొంతు ఉంది. గట్టెక్కి, "నేను అనంతపురం ఓబులేసునప్పా! దొంగను కాను!" అని అరిచాను.

పక్క తోటలోంచి ఒక ముసలాయన బదులిచ్చాడు. "దొంగైనా అదే అంటాడు! అన్నం తిన్నావా?"

"లేదప్పా!"

"అయితే ఇటు రావయ్యా, పప్పుచారుంది!"

వెంకమ్మకు కోపమొచ్చింది. "మా తోటకొచ్చిన మనిషికి నువ్వు పెట్టేదేంటి బాబాయ్? మేం పస్తులుంచుతామా?" అని అటు అరిచింది. ఇంతలో అవతలి తోటవాళ్లు చేపల పులుసుందని కేకేశారు.

మా వైపు కొత్త మనిషిని ముందు ఏ ఊరని అడుగుతారు, అన్నం సంగతి తర్వాత. ఇక్కడ నా అన్నం కోసం మూడు తోటలు పోట్లాడుకున్నాయి. ఎవరినీ నొప్పించలేక మూడు చోట్లా తిన్నాను. ఇంక కడుపు బరువుకు తెల్లారేదాకా కదిలితేనా, రాయి పడటానికి!