నేను అబద్ధమాడని ఆదివారం

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, మనిషి మారడానికి ఒక పుస్తకం చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో పని చేస్తూ, అక్కడికి వచ్చే ఒక రిటైర్డు మాస్టారి దగ్గర బుద్ధుడి బోధల మీద చిన్న పుస్తకం తీసుకున్నాను. సగం చదివేసరికే పంచశీలాలు ఆచరణలో పెట్టేశాను (మిగతా సగం సంగతి అడక్కండి). ప్రాణిహింస మానేశానని నా గదిలో దోమలకు ఎలా తెలిసిందో గాని, కుటుంబాలతో సహా వచ్చేవి. తాగుడు అలవాటు ఎలాగూ లేదు. దొంగతనానికి ధైర్యం లేదు. ఆడవాళ్ల సంగతి సరేసరి, వాళ్లు నా వైపు చూసేవాళ్లే కాదు. ఇక మిగిలింది అబద్ధం. దాన్ని కూడా వదిలేశానని ఉదయగిరిలో మా ఇంటికి పోయి ప్రకటించాను. అమ్మ చర్చికి బయల్దేరుతూ ఆగి, "అబద్ధమాడొద్దని మన బైబిల్లో కూడా ఉండాది గదా నాయనా, ఇన్నేండ్లూ అది కనపళ్లేదా నీకు?" అనింది. నాయన మాత్రం తలెత్తకుండా గరిటె చెక్కుకుంటూ కూర్చున్నాడు.

మా వీధి అంతా చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్లే. నలుగురైదుగురు కలిసి కొండకు పోయి, కర్ర మోపులు కట్టుకుని దిగేవాళ్లు. అది అడవి కర్రని అందరికీ తెలుసు. ఫారెస్టు గార్డుకు అందరికంటే బాగా తెలుసు. నెలకోసారి వచ్చి, కర్ర ఎక్కడిదని అడిగేవాడు. మా చేని గట్టు మీది చెట్టుదని నాయన చెప్పేవాడు. గార్డు తలూపి, మజ్జిగ తాగి, ఇంట్లోకని ఒక గరిటె తీసుకుని పోయేవాడు. (మాకు చేను లేదు, గట్టూ లేదు. ఆ చెట్టు మాత్రం ఏళ్ల తరబడి తరగకుండా కర్ర ఇస్తూనే ఉండేది.)

నేను శీలవంతుణ్ణయిన మూడో ఆదివారం, సెలవుకని ఇంటికొచ్చి ఉన్నాను. ఆ పొద్దున గార్డు వెంట కొత్త ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చాడు. చర్చి వేళ కాబట్టి వీధిలో మనుషుల్లేరు. నాయన పెరట్లో ఉన్నాడు. వసారాలో నేను, నా పక్కన పెద్ద ఆర్డరు కోసం దించిన కర్ర. గార్డు అలవాటు ప్రకారం అడిగాడు.

"కొండమీదది సార్" అన్నాను.

గార్డు మొహం పాలిపోయింది. "బాగా గుర్తు తెచ్చుకో అబ్బయ్యా. మీ చేనిలోది గదా" అంటూ కళ్లతో బతిమాలాడు.

"మాకు చేను లేదు సార్."

నా మనసు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. ఆఫీసరు జీపు దిగాడు. మా కర్ర, నాయన గరిటెలు చెక్కే బాడిసె, రంపం అన్నీ ఎక్కించారు. అంతటితో ఆగలేదు. జీపు చాలక ట్రాక్టరు పిలిపించి, వీధిలో ఏ ఇంట్లోనూ పుల్ల మిగల్చకుండా ఊడ్చుకుపోయారు.

సాయంత్రం వీధి వీధంతా మా ఇంటి ముందు నిలబడి, ఆ మాట చెప్పిందెవరని అడిగింది. నాయన నా వైపు చూడనైనా లేదు. "నేనే చెప్పినా. నోరు జారినాను" అన్నాడు. వాళ్లు ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం మాస్టారికి జరిగిందంతా చెప్పాను, మెచ్చుకుంటారన్న ఆశ ఇంకా చావక. "శీలం నీది. కర్ర మీ నాయనది" అన్నారు. తర్వాత, సాయంత్రం వాళ్లు అడిగినప్పుడు నువ్వేమన్నావని అడిగారు. ఏమీ అనలేదని, అబద్ధమైతే ఆడలేదని చెప్పాను. ఆయన తన పుస్తకం తిరిగిచ్చెయ్యమని చెయ్యి చాపారు.

ఆ తర్వాత కొండకు పోయేటప్పుడు నాయనను ఎవరూ పిలవలేదు. ఆ వయసులో ఒక్కడే మోపు దించుకోలేడు. రెండేళ్లు సంగం వైపు వరికోతలకు పోయాడు. కొడవలి అలవాటు లేక వేళ్లు కోసుకునేవాడు. ఎలా తెగిందని అమ్మ అడిగితే, ఏదో తగిలిందనేవాడు. నాకు అన్నం సయించేది కాదు, సిగ్గుతో. అయినా వీధిలోకి పోయి నిజం చెప్పలేకపోయాను.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మొన్నామధ్య ఉదయగిరి పోతే, ఆ వీధి పెద్దాయన ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "మీ నాయన మంచి పనోడురా. ఆ నోటితోనే చెడిపోయినాడు, పాపం" అన్నాడు. ఆఫీసరు ముందు గుండెలు విరుచుకుని నిజం చెప్పిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పెద్దాయనకు దణ్ణం పెట్టి, బస్సుకు టైమైపోయిందని చెప్పి వచ్చేశాను. బస్సుకు ఇంకా గంట టైముంది.